బేవా అన్న ఒక్క మాట

మా దక్నీలో వార్తను ఖబర్ అంటాం, సమాధిని కూడా ఖబర్ అనే అంటాం. మా దాదాకు ఆ రెండూ లేవు. 1948 సెప్టెంబర్‌లో ఎడ్ల బేరానికని అల్లాదుర్గ్ నుంచి బీదర్ వైపు వెళ్లాడు. అప్పటికి మా అబ్బాకు రెండేళ్లు. "ఏక్షన్ మే గయే, వాపస్ నై ఆయే" అని దాదీ అక్కడితో ఆపేసేది. ఇంకో సవాల్ వేస్తే లేచి వంటింట్లోకి పోయేది.

పోలీస్ యాక్షన్ సెప్టెంబర్ 13న మొదలై, 17న నిజాం లొంగిపోవడంతో ముగిసిందని అందరికీ తెలుసు. ఆ తర్వాతి వారాల్లో పల్లెల్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నెహ్రూ ఒక కమిటీని పంపాడు. పండిత్ సుందర్‌లాల్, 'పయాం' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా, రాష్ట్రంలోని 16 జిల్లాల్లో తొమ్మిది తిరిగారు.

రజాకార్ల జుల్మ్‌ను వాళ్లు దాచలేదు. దానికి బద్లా పేరుతో మాసూముల మీద జరిగిన దాడుల్నీ దాచలేదు. రాష్ట్రం మొత్తంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గరన్నారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ కలిపి కనీసం 5 వేలు. దాదా బయల్దేరిన జిల్లా ఒక లెక్కలో ఉంది, వెళ్లిన జిల్లా ఇంకో లెక్కలో ఉంది. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి హిందూ నేతగాళ్లు కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారట. ఇది కూడా మనం యాద్ పెట్టుకోవాల్సిందే.

ఆ నివేదికను సర్కార్ ప్రచురించలేదు. హైదరాబాదీ పరిశోధకుడు ఒమర్ ఖాలిదీ 1988లో తన పుస్తకంలో కొన్ని భాగాలు వేశాడు. 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంతో చాలామందికి చేరింది. అప్పటికి దాదీ లేదు.

2005 అక్టోబర్ 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఉర్దూలో ఖానూన్-ఎ-హఖ్-ఎ-మాలూమాత్. దాంట్లో రెండు సెక్షన్లు నాకు చాలా ఇష్టం. 6(2) ప్రకారం, ఈ సమాచారం నీకెందుకని దఫ్తర్‌వాళ్లు అడగకూడదు. 8(3) ప్రకారం, 20 ఏళ్లు దాటిన సంగతుల సమాచారాన్ని దేశ భద్రత లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఇవ్వాల్సిందే. మన దగ్గర గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

నేను ఐదు రూపాయలు కట్టి ఒక దఫ్తర్‌లో దరఖాస్తు పెట్టాను. 1948లో మా ఊరి నుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు అడిగాను. అలాంటి రికార్డు లేదని జవాబొచ్చింది. గలతీ నాదే. ఈ చట్టం ఉన్న కాగితాన్ని చూపించమంటుంది గానీ లేని కాగితాన్ని పుట్టించమనదు. అందుకే రెండోసారి కాగితం పేరు పెట్టి అడిగాను. మా సర్వే నంబరుది 1954-55 ఖాస్రా పహాణీ, కళ్లతో చూసే అనుమతితో సహా. ముప్పై రోజులు ఖామోషీ. మొదటి అప్పీలు వేశాక పిలుపొచ్చింది.

గుమస్తా చిన్న కుర్రాడు. బస్తా విప్పి, దుమ్ము దులిపి, పుస్తకాన్ని నా వైపు తిప్పాడు. "మీరే చదవండి సార్, మాకు ఉర్దూ రాదు" అన్నాడు. ఉర్దూ మీడియం చదివి ఏం చేస్తావని నన్ను చాలామంది అడిగారు. ఆ రోజు సర్కారు కాగితాన్ని సర్కారుకు నేనే చదివి వినిపించాను.

పట్టాదారు గడిలో దాదీ పేరు ఉంది. పక్కనే "బేవా" అని, ఆ తర్వాత దాదా పేరు. బేవా అంటే భర్త చనిపోయిన స్త్రీ. ఆయన తిరిగి రాలేదని మాత్రమే దాదీ అనేది. చనిపోయాడని ఆమె నోట మేమెప్పుడూ వినలేదు. ఆ మాట సర్కారు తన దఫ్తర్‌లో రాసి పెట్టుకుంది. ఎలా చనిపోయాడో, ఎక్కడ చనిపోయాడో మాత్రం రాయలేదు.

పేజీకి రెండు రూపాయలు కట్టి నకలు తెచ్చాను. అబ్బా కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

"తారీఖ్ లేదా?" అన్నాడు.

"లేదు అబ్బా."

ఇప్పుడు బీదర్‌కు దరఖాస్తు రాస్తున్నాను. ఈసారి కూడా కాగితం పేరు పెట్టే అడుగుతాను. మీ ఇంట్లోనూ వాపస్ రాని పేరు ఒకటి ఉంటే ముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఊరు, సర్వే నంబరు, పేరు రాసుకోండి. దఫ్తర్‌లోని బస్తాలు ఇంకొన్నాళ్లు ఉంటాయేమో. మా అబ్బా వయసువాళ్లు అంతకాలం ఉండరు.