పాఠశాల విద్యలో వర్చువల్ ప్రపంచాలు: నిర్మాణం, యాజమాన్యం, విలుప్తి - ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కంప్యూటర్ తెరపై నిర్మించిన ఊహాప్రపంచంలోకి విద్యార్థులు పాత్రలుగా ప్రవేశించి, తోటివారితో కలిసి నేర్చుకొనే పద్ధతికి సుమారు మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. ఈ చరిత్రను సాధారణంగా సాంకేతిక ప్రగతి క్రమంగా వివరిస్తారు. ఆ ప్రపంచాలను ఎవరు నిర్మించారు, అవి ఎవరి అధీనంలో ఉన్నాయి, ఎందుకు కనుమరుగయ్యాయి అనే ప్రశ్నల వెలుగులో దానిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వర్చువల్ ప్రపంచం, అవతార్, పాఠశాల విద్య, రివర్ సిటీ, సెకండ్ లైఫ్, మైన్‌క్రాఫ్ట్.

1. ఉపోద్ఘాతం

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 'మడ్' అనే ఆటను రాయడం ప్రారంభించాడు. రిచర్డ్ బార్ట్‌ల్ దానిని విస్తరించాడు. అందులో బొమ్మలు లేవు; గదులు, దారులు, వస్తువులు అన్నీ అక్షరాలలోనే ఉండేవి. అయితే పలువురు ఒకే సమయంలో ఒకే చోట ఉండి మాట్లాడుకొనే వీలు ఉండేది. వర్చువల్ ప్రపంచాన్ని ఇతర కంప్యూటర్ పాఠాల నుండి వేరుచేసే లక్షణం ఇదే. 1980ల మధ్యకాలంలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ రూపొందించిన 'హాబిటాట్' ఈ ఊహకు దృశ్యరూపం ఇచ్చింది. తెరపై మనిషికి బదులుగా మెలగే బొమ్మను అది 'అవతార్' అని పిలిచింది. మన 'అవతారం' ఆ విధంగా కంప్యూటర్ పరిభాషలో చేరింది.

2. విశ్వవిద్యాలయాలు నిర్మించిన ప్రపంచాలు

ఈ ప్రపంచాలను పిల్లల చదువుకు మళ్ళించిన తొలి ప్రయత్నాలు విశ్వవిద్యాలయాలలో జరిగాయి. 1990ల మధ్యలో ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో ఏమీ బ్రక్‌మన్ 'మూస్ క్రాసింగ్'ను నిర్మించింది. ఇందులో పిల్లలు సిద్ధంగా ఉన్న లోకంలో తిరగడంతో ఆగక, తామే ప్రోగ్రాములు రాసి జంతువులను, ఇళ్ళను సృష్టించారు. వస్తువును నిర్మిస్తూ జ్ఞానాన్ని నిర్మించుకొంటారన్న సేమౌర్ పేపర్ట్ సిద్ధాంతం దీనికి పునాది.

2000ల తొలి దశాబ్దంలో రెండు ప్రయోగాలు విశేషంగా పేర్కొనదగినవి. హార్వర్డ్‌లో క్రిస్ డీడ్ బృందం రూపొందించిన 'రివర్ సిటీ' 19వ శతాబ్ది చివరి నాటి ఒక అమెరికా పట్టణం. అక్కడి ప్రజలు రోగాల పాలవుతుంటారు. విద్యార్థులు చిన్న జట్లుగా వెళ్ళి, ఆసుపత్రిని దర్శించి, నివాసులను ప్రశ్నించి, నీటి నమూనాలను పరీక్షించి, ఒక ప్రతిపాదన చేసి, దానిని ప్రయోగంతో సరిచూసి, నగర మేయరుకు నివేదిక రాయాలి. నీటి ద్వారా, కీటకాల ద్వారా, గాలి ద్వారా వ్యాపించే వ్యాధులు కలగలిసి ఉండడం వల్ల ఒకే సమాధానం దొరకదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో సాషా బరాబ్ నాయకత్వంలో రూపొందిన 'క్వెస్ట్ అట్లాంటిస్'లోని టైగా పార్కులో నదిలో చేపలు తగ్గిపోతుంటాయి. కలప సంస్థ, చేపల వేట నిర్వాహకులు, స్థానిక రైతులు ఒకరిపై ఒకరు నింద వేస్తారు. పిల్లవాడు తాను సూచించిన పరిష్కారం ఫలితాన్ని భవిష్యత్తులోకి వెళ్ళి చూడవలసి వస్తుంది.

రివర్ సిటీ పరిశోధకులు ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించారు. విద్యార్థులు మేయరుకు రాసిన లేఖలలో కనిపించిన తార్కిక పరిశోధనా శక్తిని బహుళైచ్ఛిక పరీక్షలు పట్టుకోలేకపోయాయి. కొత్త అభ్యసనాన్ని పాత కొలతతో తూచడంలోని ఈ చిక్కు నేటికీ తీరలేదు.

3. అద్దెకు తీసుకొన్న ప్రపంచాలు

2003లో లిండెన్ ల్యాబ్ సంస్థ 'సెకండ్ లైఫ్'ను ప్రారంభించింది. 13 నుండి 17 ఏళ్ళ వారి కోసం 2005లో 'టీన్ సెకండ్ లైఫ్' వచ్చింది. పిల్లల రక్షణ దృష్ట్యా పెద్దలకు అందులో సాధారణ ప్రవేశం లేదు. పూర్వాపరాల విచారణ పూర్తయిన విద్యావేత్తలు మాత్రం తమ సంస్థకు కేటాయించిన ద్వీపంలో పనిచేయవచ్చు. కొన్ని అమెరికన్ పాఠశాలలు ఈ ద్వీపాలలో తరగతులు నిర్వహించాయి.

2010లో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. విద్యాసంస్థలకు ఇస్తున్న రాయితీని ఉపసంహరిస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. ఆ సంవత్సరాంతంతో టీన్ సెకండ్ లైఫ్ కూడా ముగిసింది. రాయితీ 2013లో తిరిగి వచ్చినా, అప్పటికే కొందరు విద్యావేత్తలు 2007లో మొదలైన 'ఓపెన్‌సిమ్యులేటర్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తరలిపోయారు. సొంత సర్వరు నడపడం శ్రమతో కూడినదే అయినా, తరగతి తలుపు తాళం పాఠశాల చేతిలోనే ఉండడం దానికి కారణం.

4. ఆట తరగతి గదిలోకి రావడం

మూడవ దశలో పిల్లలు అప్పటికే ఆడుతున్న ఆటే పాఠశాలకు వచ్చింది. 2011లో స్వీడన్‌కు చెందిన మోజాంగ్ 'మైన్‌క్రాఫ్ట్' పూర్తి రూపాన్ని విడుదల చేసింది. ఉపాధ్యాయులకు అనుకూలమైన 'మైన్‌క్రాఫ్ట్ ఎడ్యు'ను టీచర్‌గేమింగ్ అనే సంస్థ రూపొందించింది. స్టాక్‌హోమ్‌లోని విక్టర్ రీడ్‌బెర్గ్ పాఠశాల నగర ప్రణాళిక, పర్యావరణం వంటి అంశాల బోధనకు 13 ఏళ్ళ విద్యార్థులకు ఈ ఆటను తప్పనిసరి చేసిన వార్త 2013లో ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2014లో మైక్రోసాఫ్ట్ మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2016లో మైన్‌క్రాఫ్ట్ ఎడ్యును సైతం తీసుకొని, అదే ఏడాది నవంబరులో వార్షిక చందాపై ఎడ్యుకేషన్ ఎడిషన్‌ను వెలువరించింది. మూస్ క్రాసింగ్‌లోని నిర్మాణ తత్త్వం ఇక్కడ లక్షలాది పిల్లలకు అందింది. అయితే దాని యాజమాన్యం విశ్వవిద్యాలయాన్ని, పాఠశాలను దాటి ఒక బహుళజాతి సంస్థకు చేరింది.

5. భారతీయ సందర్భం

మన దేశంలో ఈ మార్గం భిన్నంగా సాగింది. కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ చేపట్టిన 'వర్చువల్ ల్యాబ్స్' పథకంలో ఐఐటీలతో పాటు హైదరాబాదులోని ఐఐఐటీ పాలుపంచుకొంది. 9 నుండి 12 తరగతుల కోసం అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి 'ఓల్యాబ్స్'ను రూపొందించాయి. జాతీయ విద్యావిధానం 2020 కూడా వర్చువల్ ప్రయోగశాలలను ప్రోత్సహించింది. 2022-23 కేంద్ర బడ్జెట్ విజ్ఞాన, గణిత శాస్త్రాలలో 750 వర్చువల్ ల్యాబ్‌లను ప్రతిపాదించింది.

వర్చువల్ ప్రయోగశాల, వర్చువల్ ప్రపంచం ఒకటి కావు. మొదటిదానిలో ప్రధానంగా ఒక విద్యార్థి ముందే నిర్ణయించిన ప్రయోగాన్ని చేస్తాడు. రెండవదానిలో సమస్య ఏమిటో జట్టుగా కనుగొనవలసి ఉంటుంది. ఆ సహవాస లక్షణం మన పథకాలలో ఇంకా ప్రధానస్థానం పొందలేదు. కాని ప్రజాధనంతో, ప్రజాసంస్థల భాగస్వామ్యంతో సాగడం మన పద్ధతిలోని బలం.

6. ముగింపు

2023 మార్చిలో ఆల్ట్‌స్పేస్ వీఆర్, 2024 మే నెలాఖరున మొజిల్లా వారి హబ్స్ సేవ మూతపడ్డాయి. రెండవదాని సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నందున ఇతరులు దానిని కొనసాగించగలిగారు. టీన్ సెకండ్ లైఫ్ నేర్పిన పాఠమే మరొకసారి రుజువైంది. పాత పాఠ్యపుస్తకం గ్రంథాలయపు అరలో దొరుకుతుంది; మూతపడిన ప్రపంచంలో విద్యార్థి కట్టిన ఇల్లు ఎక్కడా దొరకదు.

చరిత్రకారుడికి ఇది ఆధారాల సమస్య కూడా. ఈ ప్రయోగాల గురించి నేడు లభించే రచనలలో అధికభాగం వాటి నిర్మాతలవే. వాటిలో తిరిగిన పిల్లల స్వరం వారి ఉటంకింపుల మేరకే వినిపిస్తుంది. నిలిచినవి సాఫ్ట్‌వేర్‌లు కావు, బోధనా రూపకల్పనలు. రివర్ సిటీ అనుభవంతోనే హార్వర్డ్ పరిశోధకులు ఒక చెరువు జీవావరణాన్ని ఆధారం చేసుకొని 'ఎకోమూవ్'ను నిర్మించారు. కాబట్టి తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో ఇటువంటి ప్రయత్నం చేసేటప్పుడు మూడు అంశాలను ముందే నిర్ణయించుకోవాలి: సోర్స్ కోడ్ ఎవరిది, విద్యార్థుల రచనలు ఎక్కడ భద్రపడతాయి, సేవ ఆగిన నాడు పాఠం ఎలా సాగుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు లేని పక్షంలో ఎంత అద్భుతమైన ప్రపంచమైనా పాఠశాలకు అద్దె ఇల్లే అవుతుంది.