నెలసరుల మధ్య మరకలు: గర్భనిరోధక మాత్ర చరిత్రలో ఒక అధ్యాయం

గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు రెండు నెలసరుల మధ్య కనిపించే కొద్దిపాటి రక్తపు మరకలను వైద్యులు స్పాటింగ్ అనీ, స్రావం ఎక్కువైతే బ్రేక్‌త్రూ బ్లీడింగ్ అనీ అంటారు. చిల్లర ఇబ్బందిగా కొట్టిపారేసే ఈ లక్షణమే మాత్రలో ఈస్ట్రోజెన్ చేరడానికి కారణమైంది.

1950లలో అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ బృందం అండం విడుదలను ఆపేందుకు మొదట ప్రొజెస్టెరాన్ హార్మోనును పరీక్షించి, అది నోటి ద్వారా భారీ మోతాదులో ఇవ్వవలసి రావడం, మధ్యలో స్రావం తప్పకపోవడం చూసి, సర్ల్ ఔషధ సంస్థలో ఫ్రాంక్ కోల్టన్ రూపొందించిన నోరెథినోడ్రెల్ వైపు మళ్లింది. ఇది ప్రొజెస్టిన్, అంటే ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే కృత్రిమ పదార్థం. తయారీలో మిగిలిపోయిన మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ ఇందులో కొన్ని శాతం కలిసి ఉన్నదని తరువాత తేలింది. దానిని ఒక శాతంలోపుకు తగ్గించి మందును శుద్ధి చేయగా స్రావం మళ్లీ మొదలైంది. ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపొరను నిలకడగా ఉంచుతుంది. ప్రొజెస్టిన్ ఒక్కటే అయితే ఆ పొర పలచబడి, అందులోని సన్నని రక్తనాళాలు పెళుసై చిట్లుతాయి. అందువల్ల కల్తీగా తొలగించినదానినే కావాలని తిరిగి కలిపారు. అలా వచ్చిన ఎనోవిడ్ 10 మిల్లీగ్రాముల మాత్రలో 0.15 మిల్లీగ్రాముల మెస్ట్రనాల్ ఉండేది.

1956లో ప్యూర్టోరికోలోని రియో పియెద్రాస్‌లో పేద స్త్రీలకు ఈ మాత్రను ఇచ్చి చూశారు. అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి వంటి బాధలు కలిగాయనీ, అవి సాధారణ వాడకానికి ఆమోదించలేనంత ఎక్కువనీ నివేదించినా, ఆమె మాటకు దక్కవలసిన విలువ దక్కలేదు. అది ఆ స్త్రీల పట్ల జరిగిన అన్యాయమే. అమెరికా 1957లో నెలసరి రుగ్మతలకు, 1960లో గర్భనిరోధానికి ఎనోవిడ్‌ను అనుమతించింది.

ఈస్ట్రోజెన్ మోతాదుకూ రక్తనాళాలలో గడ్డలు కట్టడానికీ సంబంధం బయటపడ్డాక, బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం 1969లో 50 మైక్రోగ్రాములకు మించని మాత్రలే వాడమని సూచించింది. మోతాదు తగ్గిన కొద్దీ ప్రమాదం తగ్గినా, పాత మరకలు మళ్లీ కనిపించసాగాయి. తెలుగు రాష్ట్రాల ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు మాత్రమే ఉంటుంది. తొలి మూడు నెలలలో కనిపించే స్పాటింగ్ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది; మాత్ర మరిచిపోయినా అది కనిపించవచ్చు. అయితే క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలో ఈ హార్మోన్లను వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది గనుక, ఆ చికిత్సలో ఉన్న స్త్రీకి మధ్యలో మరకలు కనిపిస్తే మాత్ర రక్షణ సడలిందని అనుమానించి, వేరే గర్భనిరోధక పద్ధతి కోసం వైద్యులను సంప్రదించవలసి ఉంటుంది.