సెసమి స్ట్రీట్‌లో పాత్రల అప్పగింత

అమెరికాలో పిల్లల టెలివిజన్ కార్యక్రమం సెసమి స్ట్రీట్ 1969 నవంబరు 10న మొదలైంది. జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ నెలకొల్పిన చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్ దాన్ని నిర్మించింది. బొమ్మలు జిమ్ హెన్సన్ బృందానివి. న్యూయార్క్ వీధిని తలపించే ఆ సెట్లో మనుషులూ బొమ్మలూ ఇరుగుపొరుగున కాపురం ఉంటారు. నటులతోపాటు మనుషుల పాత్రలకు వయసు మీద పడుతుంది. బిగ్ బర్డ్ మాత్రం ఎప్పుడూ ఆరేళ్ల పిల్లవాడే. ముసలిదయ్యేది ఆ బొమ్మను ఆడించే చెయ్యి. ఐదు దశాబ్దాలు దాటిన ఈ కార్యక్రమంలో సీనియర్ కళాకారులు పాత్రల నుంచి ఎలా తప్పుకున్నారో, వాటిని ఎవరికి అప్పగించారో చూస్తే బొమ్మలాట ఎలాంటి విద్యో అర్థమవుతుంది.

వీధిలో కొట్టు నడిపే మిస్టర్ హూపర్ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ఆ పాత్రకు మరో నటుణ్ని పెట్టే ఆలోచన నిర్మాతలు మానుకున్నారు. 1983 నవంబరు 24న ప్రసారమైన భాగంలో హూపర్ చనిపోయాడనే పిల్లలకు చెప్పారు. బిగ్ బర్డ్ తాను గీసిన చిత్రాలను అందరికీ పంచి, హూపర్‌ది ఇవ్వాలని ఎదురుచూస్తుంటే, ఆయన ఇక తిరిగి రాడని పెద్దవాళ్లు నచ్చజెబుతారు. ఆ చిత్రాలు నిజంగా గీసింది బిగ్ బర్డ్ లోపలున్న కారల్ స్పిన్నీ. బొమ్మల విషయంలో ఇలాంటి ముగింపు కుదరదు. ఎర్నీ చనిపోయాడని మూడేళ్ల పిల్లకు ఎవరూ చెప్పలేరు. అందుకే ఇక్కడ ఒక కళాకారుడు తప్పుకుంటే, ఇంకొకరు ఆ పాత్రలోకి వచ్చి తీరాలి.

హెన్సన్ పద్ధతిలో అది చాలా కష్టమైన పని. బొమ్మ నోరు కదిపేవారే దానికి గొంతూ ఇస్తారు. కెమెరాకు కనపడకుండా కింద నిలబడి, చెయ్యి తలపైకి ఎత్తి, మానిటర్‌లో తమ బొమ్మను చూసుకుంటూ ఆడిస్తారు. ఎర్నీ, కుకీ మాన్‌స్టర్ లాంటి బొమ్మలకు ఇద్దరు కావాలి. తల, ఎడమచెయ్యి ప్రధాన కళాకారుడివి, కుడిచెయ్యి సహాయకుడిది. కొత్తగా చేరినవారికి ముందు దక్కేది ఈ కుడిచెయ్యే. నాకు తెలిసి ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. గురువుకు ఆనుకుని నిలబడి, ఆయన ఎక్కడ ఊపిరి పీలుస్తాడో, తల ఎప్పుడు తిప్పబోతాడో ఒంటితోనే పట్టుకోవాలి.

బిగ్ బర్డ్ కథ వేరు. ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు. లోపల ఒక్క మనిషే ఉంటాడు. స్పిన్నీ కుడిచేతిని నిటారుగా పైకెత్తి పక్షి తలలో పెట్టి, చిటికెనవేలితో కనురెప్పలు ఆడించేవారు. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉండేది. కుడి రెక్కలో చెయ్యి ఉండదు. చేపలు పట్టే సన్నని దారం మెడ కింది నుంచి వెళ్లి దాన్ని ఎడమచేతికి కలుపుతుంది. ఒకటి దిగితే మరొకటి లేస్తుంది. లోపలి నుంచి బయటి లోకం కనపడదు. ఛాతీకి కట్టుకున్న చిన్న టీవీలో కెమెరా చూపించేదే ఆయనకూ కనిపిస్తుంది. అలా చెయ్యెత్తి నడుస్తూ, పాడుతూ, ఒక్కోసారి స్కేటింగ్ కూడా చేస్తూ ఆయన నాలుగున్నర దశాబ్దాలు గడిపారు.

స్పిన్నీ 1933లో మసాచుసెట్స్‌లోని వాల్థమ్‌లో పుట్టారు. 1969లో సాల్ట్‌లేక్ సిటీలో జరిగిన బొమ్మలాట ఉత్సవంలో, స్పాట్‌లైటు వెలుగు పడి ఆయన ప్రదర్శన వెనకనున్న తెరమీది బొమ్మలు కనపడకుండా పోయాయి. చెడిపోయిన ఆ ప్రదర్శనలోనే హెన్సన్ ఆయన పనితనం గుర్తించి పిలిచారు. మొదట్లో బిగ్ బర్డ్ ఒక తెలివితక్కువ పల్లెటూరి శాల్తీ. దాన్ని చిన్నపిల్లవాడిగా మారుద్దామన్నది స్పిన్నీ. చెత్తడబ్బాలో ఉండే చిరచిరల ఆస్కర్‌ను కూడా ఆయనే ఆడించారు. ఆ గొంతును బ్రాంక్స్ టాక్సీ డ్రైవర్ ఒకరి నుంచి పట్టుకున్నారు.

అప్పగింతకు వ్యవధి లేని సందర్భం 1990లో వచ్చింది. మే 16న హెన్సన్ 53 ఏళ్ల వయసులో హఠాత్తుగా చనిపోయారు. 1955 నుంచి ఆయన చేతిలో ఉన్న కప్ప కెర్మిట్, తర్వాత ఎర్నీ కూడా, స్టీవ్ విట్‌మైర్‌కు వచ్చాయి. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ద డివైన్ చర్చిలో జరిగిన సంస్మరణ సభలో కెర్మిట్ పాటను బిగ్ బర్డ్ పాడింది. దుఃఖాన్ని లోపల అణచుకుని పక్షి గొంతుతో పాడుతున్నది స్పిన్నీ. 2016లో విట్‌మైర్‌ను కెర్మిట్ పాత్ర నుంచి తొలగించారు; ఆ నిర్ణయంపై వాదోపవాదాలు బహిరంగంగానే సాగాయి.

మిగతావారు మెల్లమెల్లగా తప్పుకున్నారు. సినిమా దర్శకత్వానికి మళ్లిన ఫ్రాంక్ ఆజ్ పాత్రల్లో బర్ట్, గ్రోవర్ ఎరిక్ జాకబ్‌సన్‌కు, కుకీ మాన్‌స్టర్ డేవిడ్ రడ్‌మన్‌కు వెళ్లాయి. ప్రెయిరీ డాన్, జోయీ పాత్రల ఫ్రాన్ బ్రిల్ 2014లో విరమించారు.

వీటన్నిటిలో కౌంట్ వాన్ కౌంట్ కథను కాస్త ఆగి చూడాలి. దాన్ని ఆడించే జెర్రీ నెల్సన్ అనారోగ్యం వల్ల 2004 నుంచి బొమ్మ పట్టుకోవడం మానేశారు. గొంతు మాత్రం 2012లో చనిపోయేదాకా ఆయనదే. చెయ్యి మ్యాట్ వోగెల్‌ది. గొంతూ చెయ్యీ ఒకరివే అయి ఉండాలన్న మూలసూత్రాన్ని ఇక్కడ పక్కన పెట్టారు. ఈ మినహాయింపు చాలా సరైనది. ఒళ్లు సహకరించని మనిషి నుంచి పాత్రను ఒక్కసారిగా లాక్కోకుండా, వారసుడికి ఆ గొంతు వింటూ చెయ్యి కుదుర్చుకునే అవకాశం ఇచ్చింది.

ఇదే మార్గం స్పిన్నీకీ పనికొచ్చింది. 1996లోనే వోగెల్ బిగ్ బర్డ్‌కు ప్రత్యామ్నాయ కళాకారుడిగా చేరారు. 2015లో ఒంటి పట్టు తప్పుతుండటంతో స్పిన్నీ ఆ వేషంలోకి దిగడం ఆపి, గొంతు మాత్రం ఇస్తూ వచ్చారు. 2018 అక్టోబరులో, 84వ ఏట, పూర్తిగా విరమించారు. పక్షి వోగెల్‌కు, ఆస్కర్ జాకబ్‌సన్‌కు దక్కాయి. అప్పటికే ఆయన రికార్డు చేసిన భాగాలు కొన్ని 50వ సీజనులో ప్రసారమయ్యాయి. 2019 డిసెంబరు 8న ఆయన కనెక్టికట్‌లోని ఉడ్‌స్టాక్‌లో కన్నుమూశారు.

అలా వోగెల్ చేతికి మూడు ప్రసిద్ధ పాత్రలు మూడు దారుల్లో వచ్చాయి. బిగ్ బర్డ్ 22 ఏళ్ల ఎదురుచూపు తర్వాత, కౌంట్ గురువు గొంతుతో పంచుకుంటూ, కెర్మిట్ 2017లో వివాదం నడుమ. జాకబ్‌సన్ దగ్గరా ఇలాగే అనేక పాత్రలు చేరాయి. వోగెల్ 1970లో పుట్టారు. ఒకప్పుడు హెన్సన్, నెల్సన్, స్పిన్నీ ముగ్గురూ మోసిన బరువు ఇప్పుడు ఆయన ఒక్కరి భుజం మీద ఉంది కాబట్టి, ఆయన తప్పుకునే నాటికి వారసులు మూడు బొమ్మలకూ సిద్ధమై ఉండాలి.