'అడ్వెంచర్' మూలపాఠం: కర్తృత్వ విచారణ

పాఠకుడే పాత్రయై, రెండు మాటల ఆజ్ఞలతో కథను నడిపే కంప్యూటర్ రచనలలో తొలి ప్రసిద్ధ కృతి 'అడ్వెంచర్'. అమెరికాలో ప్రోగ్రామరుగా పనిచేస్తూ, కెంటకీలోని మామత్ గుహలను శోధించి పటాలు గీసిన విల్ క్రౌథర్ 1975-76 ప్రాంతంలో దీనిని ఫోర్ట్రాన్‌లో రచించాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దీనిని ఎంతో పెంచాడు. ఆ పెంచిన పాఠమే వ్యాప్తిలోకి రావడంతో గుహావర్ణన క్రౌథర్‌దనీ, మాంత్రిక కల్పన వుడ్స్‌దనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. ప్రాచీన ప్రతి చూడకుండా ప్రక్షిప్తాలను నిర్ణయించడం వంటిదే ఇది. ఈ పొరపాటు తెలుగు పరిష్కర్తలకు కొత్త కాదు.

స్టాన్‌ఫర్డ్‌లో భద్రపడిన వుడ్స్ పాత ఖాతానుంచి క్రౌథర్ మూలపాఠం వెలికి రాగా, డెన్నిస్ జెర్జ్ దానిని పరిశీలించి 2007లో వ్యాసం ప్రకటించాడు. గొడ్డలి విసిరే మరుగుజ్జు, మంత్రదండంతో వెలసే వంతెన అందులోనే ఉన్నాయి. ఆటగాని ప్రతిభకు మార్కులు వేసే పద్ధతి మాత్రం వుడ్స్ చేర్చినదే. జెర్జ్ పాఠపరిశీలనతో ఆగక స్వయంగా గుహలోకి దిగాడు. క్రౌథర్ వర్ణనలో చాలా భాగం అక్కడి రాతిదారులకు సరిపోయింది. యథార్థమూ అద్భుతమూ ఒకే చేతినుంచి వచ్చాయి.