నది ఎంత మురుగు మోస్తుంది? ఒక లెక్క పుట్టుపూర్వోత్తరాలు

నది నీటి నాణ్యతను అంచనా వేసే సాఫ్ట్‌వేర్లు నదిని కాపాడడానికే పుట్టాయని అనుకుంటాం. నిజానికి, వాటి వెనకున్నది మురుగు ఎంతవరకు వదిలితే నది తట్టుకుంటుందో తేల్చడానికి పుట్టిన లెక్క. అమెరికా ప్రజారోగ్య శాఖ తరఫున ఒహాయో నదిని పరిశీలించిన స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో ఒక సమీకరణం ప్రచురించారు. మురుగు నీటిలో కలవగానే దాన్ని తినే బాక్టీరియా ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. మరోపక్క గాలి నుంచి ఆక్సిజన్ నీటికి జమవుతూ ఉంటుంది. ఈ ఖర్చుకో రేటు, జమకో రేటు పెట్టి గ్రాఫు గీస్తే, మురుగు కలిసిన చోటు దాటాక ఆక్సిజన్ గీత కిందికి జారుతుంది, ఒకచోట అట్టడుగుకు చేరి మళ్లీ మెల్లగా లేస్తుంది. ఆ అట్టడుగున ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

ఒక ఊరు, ఒక నాలా అయితే ఈ లెక్క కాగితం మీద తేలిపోతుంది. ఉపనదులు, ఫ్యాక్టరీలు, పది ఊళ్ల మురుగు కలిసే నదికి కంప్యూటర్ కావలసివచ్చింది. 1970 ప్రాంతంలో టెక్సస్ జల అభివృద్ధి బోర్డు క్వాల్-1 అనే ప్రోగ్రాం తయారు చేయించింది. అది నదిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలోకి వచ్చిందీ పోయిందీ లెక్కగట్టి, ఫలితాన్ని కింది ముక్కకు అప్పజెబుతుంది. 1972లో అమెరికాలో వచ్చిన స్వచ్ఛ జల చట్టం దీనికి గిరాకీ పెంచింది: ప్రమాణం అందుకోని నదిలోకి రోజుకు గరిష్ఠంగా ఎంత కాలుష్యం వదలొచ్చో రాష్ట్రాలు తేల్చాలని అది ఆదేశించింది. అదే దారిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1987లో క్వాల్‌2ఈ విడుదల చేసింది. ఆ తర్వాత ప్రొఫెసర్ స్టీవెన్ చాప్రా, సహచరులు రూపొందించిన క్వాల్‌2కె ఎక్సెల్ షీటులోంచే నడుస్తుంది. చట్టం అడిగింది, సాఫ్ట్‌వేర్ జవాబిచ్చింది. నది తానుగా ఏమీ అడగలేదు.

పుట్టుక ఏదైతేనేం, ఇప్పుడవి నత్రజని, భాస్వరం, నాచు, కోలిఫాం బాక్టీరియా అన్నీ లెక్కిస్తున్నాయి కదా అనవచ్చు. లెక్కిస్తున్నాయి, కాదనలేం. క్వాల్‌2ఈ 15 అంశాల దాకా చూడగలదు. కానీ అస్థిపంజరం మారలేదు. నీరు ఎడతెగక ఒకే తీరున పారుతుందని, అడుగు నుంచి పైదాకా, ఒడ్డు నుంచి ఒడ్డుకు కలిసిపోయి ఉంటుందని ఈ వంశం నమ్మకం. పాత సమీకరణానికి మురుగు మోతాదు మించి ఇస్తే ఆక్సిజన్ సున్నా కంటే తక్కువని జవాబు చెబుతుంది! ప్రకృతిలో లేని అంకె అది. ఆక్సిజన్ అడుగంటితే కుళ్లే వేగాన్నీ తగ్గించేలా క్వాల్‌2కె దాన్ని సరిదిద్దింది. వేసవిలో హైదరాబాద్ దిగువన మూసీలో పారేది చాలావరకు నగరపు మురుగే. వానాకాలం రాగానే అదే నది వరదెత్తుతుంది. ఆ రెంటినీ ఒకే నిలకడ ప్రవాహంగా చూపే లెక్కను ఎంతవరకు నమ్మాలి? వేడి సంగతీ ఉంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు పట్టుకునేది సుమారు 7.5 మాత్రమే. మన నది పోటీలోకి దిగేదే తక్కువ నిల్వతో. పాశ్చాత్య దేశాల్లో మురుగు నీటి నమూనాను 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి ఆక్సిజన్ ఖర్చు కొలిచే బీఓడీ పరీక్షను మన ల్యాబులు 27 డిగ్రీల దగ్గర 3 రోజులకు మార్చుకున్నది ఈ ఎండల వల్లనే.

అలాగని ఈ పనిముట్లను అవతల పారేయమనడం తెలివితక్కువ. సీసాలో పట్టిన నమూనా ఈ రోజు నీరు ఎలా ఉందో చెబుతుంది. ఏ నాలాను ఆపితే కింద ఎన్ని కిలోమీటర్ల దాకా ఎంత మెరుగవుతుందో చెప్పదు. ఆ మాట చెప్పగలిగింది మోడలే. అయితే దానిలో వేసే రేట్లు ఆ నదిలోనే, అన్ని కాలాల్లోనూ కొలిచినవై ఉండాలి. పుస్తకంలోంచి ఎత్తి వేసిన రేటు ఇంకో నది కథ చెబుతుంది. మీ ఊరి నది మీద అలాంటి నివేదిక ఏదైనా చేతికొస్తే, రంగురంగుల పటాల కంటే ముందు, నీటి కొలతలు ఏ నెలలో, ఏ చోట తీశారో చెప్పే పేజీ చూడండి. ఆ పేజీ లేకపోతే ఆ నివేదికను నమ్మాల్సిన పని లేదు.