తల్లిపాలపై పెరిగే బిడ్డ... ఎదుగుదలను గుర్తించడం ఎలా?

'పాలు చాలడం లేదేమో' అన్న అనుమానం తొలి కాన్పు తల్లుల్లో సర్వసాధారణం. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ, పొరుగింటి బిడ్డ బొద్దుగా కనిపించిన ప్రతిసారీ ఆ అనుమానం బలపడుతుంది. ఇంట్లోని పెద్దలు డబ్బాపాలు పట్టమంటారు. సీసాకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తాడు. దాంతో తల్లికి పాలు నిజంగానే తగ్గిపోతాయి. ఎదుగుదలను కంటిచూపుతో అంచనా వేయకుండా తూకంతో, పటంతో సరిచూసుకుంటే ఈ చిక్కును చాలావరకు తప్పించవచ్చు.

తొలి రెండు వారాలు

పుట్టిన తొలి రోజుల్లో శిశువు కొంత బరువు తగ్గడం సహజం. ఈ తగ్గుదల సాధారణంగా పుట్టిన బరువులో 10 శాతం లోపే ఉంటుంది. 10 నుంచి 14 రోజుల్లో బిడ్డ తిరిగి పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. అందుకే మూడో రోజున బరువు తగ్గిందని ముర్రుపాలు మాన్పించి, తేనె, పంచదార నీళ్లు, పోతపాలు పట్టడం తగదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. వైద్యులు సూచించిన మందులు, చుక్కలు మాత్రం ఇవ్వవచ్చు.

పాలు సరిపోతున్నాయనడానికి గుర్తులు

నవజాత శిశువు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. తాగేటప్పుడు గుటక వేయడం స్పష్టంగా తెలుస్తుంది. అయిదారు రోజులు గడిచాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. మూత్రం లేతరంగులో ఉండాలి. తొలి రోజుల నల్లటి మలం నాలుగైదు రోజుల్లో పసుపు రంగుకు మారాలి. నెల దాటాక కొందరు బిడ్డలు కొన్ని రోజులపాటు మలవిసర్జన చేయకపోవచ్చు. మలం మెత్తగా ఉండి, బిడ్డ హుషారుగా ఉంటే ఆందోళన అక్కర్లేదు. ఏడుపు ఒక్కటే ఆకలికి గుర్తు కాదు.

పటం మారిన వైనం

గతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఎదుగుదల పటాలకు అమెరికా పిల్లల కొలతలు ఆధారం. వారిలో ఎక్కువమంది పోతపాలపై పెరిగినవారే. తల్లిపాలపై పెరిగే బిడ్డలు తొలి రెండు మూడు నెలలు వేగంగా బరువు పెరిగి, తర్వాత కాస్త నెమ్మదిస్తారు. పాత పటంతో పోల్చినప్పుడు ఆరోగ్యవంతుడైన బిడ్డ కూడా వెనుకబడినట్టు కనిపించేవాడు. ఫలితంగా పాలు చాలడం లేదన్న తీర్పు వెలువడేది.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 1997-2003 మధ్య భారత్, బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో అధ్యయనం జరిగింది. మన దేశం నుంచి దిల్లీ చిన్నారులు ఇందులో ఉన్నారు. తల్లిపాలపై పెరిగి, తగిన పోషణ, వైద్యం అందిన పిల్లల పొడవు అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకే తీరున పెరుగుతుందని తేలింది. దాని ఆధారంగా 2006లో కొత్త ప్రమాణాలు వెలువడ్డాయి. 2008లో భారత్ వాటిని స్వీకరించింది. అంగన్‌వాడీ కేంద్రాల్లో ఎదుగుదలను లెక్కించేది వీటి ప్రకారమే.

లెక్క ఇలా...

కొత్త ప్రమాణాల ప్రకారం మగశిశువు మధ్యస్థ బరువు పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఆరు నెలలకు 7.9, ఏడాదికి 9.6 కిలోలు. ఆడశిశువుకు ఇవి వరుసగా 3.2, 7.3, 8.9 కిలోలు. ఇవి మధ్యస్థ అంకెలే తప్ప, ప్రతి బిడ్డా చేరుకోవలసిన లక్ష్యాలు కావు.

ఉదాహరణకు 2.8 కిలోలతో పుట్టిన ఆడబిడ్డ నెలకు 3.6, రెండు నెలలకు 4.5, మూడుకు 5.2, నాలుగుకు 5.7, అయిదుకు 6.1 కిలోలు తూగిందనుకుందాం. రెండో నెలలో 900 గ్రాములు పెరిగిన బిడ్డ అయిదో నెలలో 400 గ్రాములే పెరిగింది. తల్లికి దిగులు కలిగించే అంకె ఇది. అయినా బిడ్డ తన గీత వెంటే సాగుతోంది. ఆ ఎదుగుదల సక్రమమే.

3.2 కిలోలతో పుట్టి, రెండు నెలలకు 5.1 కిలోలకు చేరి, మూడో నెలలోనూ నాలుగో నెలలోనూ 5.2 వద్దే నిలిచిపోయిన మరో ఆడబిడ్డ సంగతి వేరు. పటంలో ఇంకా ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నా, గీత అడ్డంగా సాగడం హెచ్చరికే. ఒక్క తూకం బిడ్డ పరిస్థితిని చెప్పదు. గీత సాగే దిశ చెబుతుంది. పైకి సాగితే మేలు, అడ్డంగా సాగితే జాగ్రత్త, కిందికి దిగితే ప్రమాదం. పసుపు పట్టీ బరువు తక్కువను, నారింజ పట్టీ తీవ్రమైన తక్కువను సూచిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కించాలి.

తూకం ఎక్కడ?

అంగన్‌వాడీ కేంద్రంలో నెలనెలా తూకం వేస్తారు. ఆశా కార్యకర్తలు పుట్టిన తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూస్తారు. 6, 10, 14 వారాల టీకాల సమయంలోనూ బరువు చూపించుకోవచ్చు. వివరాలను తల్లీబిడ్డల రక్షణ కార్డులో నమోదు చేయించుకోవాలి. తూకానికి ముందు ముల్లు సున్నా వద్ద ఉందో లేదో చూడాలి. బిడ్డకు బట్టలు వీలైనంత తక్కువగా ఉండాలి. వీలైతే ప్రతిసారీ ఒకే త్రాసు వాడాలి. తూకం వేస్తే దిష్టి తగులుతుందన్న భయంతో కొన్ని కుటుంబాలు వెనుకాడుతుంటాయి. దానివల్ల లోపం ఆలస్యంగా బయటపడటం తప్ప ప్రయోజనం లేదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

రెండు వారాలైనా పుట్టిన బరువుకు చేరకపోయినా, మూత్రం బాగా తగ్గినా, బరువు నిలిచిపోయినా వైద్యునికి చూపించాలి. బిడ్డ పాలు తాగలేకపోవడం, మందకొడిగా ఉండటం, జ్వరం లేదా ఒళ్లు చల్లబడటం, వేగంగా ఊపిరి తీయడం, అరచేతులు, అరికాళ్ల వరకు పచ్చబడటం, మాడు గుంటపడటం ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బరువు నిలిచినంత మాత్రాన డబ్బాపాలకు మారవలసిన పని లేదు. బిడ్డ రొమ్ము పట్టే తీరును ముందుగా నర్సుకు చూపించాలి. నల్లటి భాగం చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లేలా పట్టించడం, రాత్రివేళ కూడా పాలివ్వడం, ఒక రొమ్ము ఖాళీ అయ్యాకే రెండోది ఇవ్వడం వల్ల పాలు పెరుగుతాయి. ఆరు నెలలు నిండాక మెత్తని అదనపు ఆహారం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించాలి.