ధనముకంటె మంచిపేరు: తంజావూరి ష్వార్ట్స్ చరిత్రము

సామెతల గ్రంథమునందలి 22వ అధ్యాయము ఐశ్వర్యముకంటె మంచిపేరే కోరదగినదను బోధతో ప్రారంభమగును. అచ్చట హీబ్రూ మూలమున 'మంచి' యను విశేషణము లేదు. 'పేరు' అను పదము మాత్రమే కలదు. గ్రీకు, లాటిను అనువాదకులు విశేషణమును చేర్చిరి. తెలుగునందును 'పేరు నిలుపుకొనెను' అనునపుడు మనము విశేషణము నపేక్షింపము. పేరనినచో మంచిదే యని రెండు భాషలవారికిని తోచినది.

అయితే క్రైస్తవ జీవనమున ఈ బోధ కొక చిక్కు కలదు. పరులు చూడవలెనని ధర్మము చేయరాదని మత్తయి సువార్త 6వ అధ్యాయము చెప్పుచున్నది. అందరిచేతను పొగడబడుట యపాయకరమని లూకా సువార్త 6వ అధ్యాయము హెచ్చరించుచున్నది. పేరును కోరవలెను, పొగడ్తను కోరరాదు. ఈ రెంటికిని భేద మెట్టిది? మన భాగవతమున బలిచక్రవర్తి సంపదను విడిచి మాటను, కీర్తిని నిలుపుకొనెను. అచ్చట కీర్తి దాతకు దక్కిన ఫలము. క్రైస్తవ భావనయందు పేరు ఎవరి సొత్తు? 18వ శతాబ్దమున తంజావూరున పనిచేసిన క్రిస్టియన్ ఫ్రెడెరిక్ ష్వార్ట్స్ జీవితము ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మిచ్చుచున్నది.

ష్వార్ట్స్ 1726లో జర్మను దేశమున జన్మించెను. హాలే నగరమున చదువుచుండగా బెంజమిన్ షుల్జ్ వద్ద తమిళము నేర్చెను. ఈ షుల్జే తెలుగు వ్యాకరణము వ్రాసి, హాలేయందు తెలుగు పుస్తకములు అచ్చు వేయించినవాడు. శిష్యుడు 1750లో తరంగంబాడి చేరెను. తరువాత తిరుచిరాపల్లియందును, 1778 నుండి తంజావూరునందును నివసించెను.

1779లో మద్రాసు దొరతనమువారికి హైదరాలీ మనోగతము తెలియవలసి వచ్చెను. 1769 నాటి సంధి ప్రకారము తనకు రావలసిన సాయము రాలేదని హైదరు ఆగ్రహించి యుండెను. కంపెనీ దూతల నతడు నమ్మడు. ఈ పాదిరి మోసగింపడని మాత్రము నమ్మెనని ప్రతీతి. ష్వార్ట్స్ శ్రీరంగపట్టణమునకు పోయి హైదరును దర్శించెను. తిరుగు ప్రయాణమున దారిఖర్చులకని హైదరు 300 రూపాయలు ఇప్పించెను. అతడు వలదన్నను పరివారము విడువలేదు. మద్రాసు చేరి యా సొమ్మును దొరతనమువారికి సమర్పింపగా, వారు దానిని అతనినే ఉంచుకొమ్మనిరి. అతడు దానిని తంజావూరున ఒక పాఠశాలకు మూలధనముగ చేసెను.

ఈ వృత్తాంతమున ధనత్యాగముకంటె విచారింపదగిన విషయ మొకటి కలదు. మరుసటి యేడు, అనగా 1780లో, యుద్ధము వచ్చెను. దొరతనమువారు తమకు లేని విశ్వసనీయతను ష్వార్ట్స్ పేరు నుండి ఎరువు తెచ్చుకొనిరి. ఆ ఎరువునకు తగిన నడత చూపలేదు. మంచిపేరు గలవానికి ఇట్టి యపాయము కలదు. అతని పేరును పరులును ఖర్చు చేయగలరు. అయినను యుద్ధకాలమున ఆ పాదిరికి ఎవరును అడ్డుపడరాదని హైదరు తన యధికారుల కాజ్ఞ చేసెను. చెడిన సంధి అతని పేరును చెరుపలేదన్నమాట.

రెండవ ఘట్టము తంజావూరి కోటకు సంబంధించినది. హైదరు సేనలు దేశమును పాడుచేసిన 1781 ప్రాంతమున కోటలోనివారు ఆకలితో మరణింపసాగిరి. పల్లెలయందు ధాన్య ముండెను. రైతులు మాత్రము దానిని తోలుకొని రాలేదు. వెనుక ఇచ్చినదానికి సొమ్ము ముట్టకపోవుటచే రాజుమాటయందును, కంపెనీ మాటయందును వారికి నమ్మకము పోయెను. సొమ్ము ముట్టజెప్పుటకు తాను పూచీయని ష్వార్ట్స్ వ్రాసి పంపినంతనే వేయి యెడ్లు వచ్చెను. 80,000 కలముల ధాన్యము కోటలోనికి చేరెను. కలమనునది తమిళదేశపు ధాన్యపు కొలత. అతడు మాట తప్పక అందరికిని సొమ్ము చెల్లించి పంపెను. ఖజానా గల ప్రభువునకు పుట్టని అప్పు ఖజానా లేని పాదిరికి పుట్టెను.

1787లో తుళజాజీ మహారాజు అవసానకాలమున తన దత్తపుత్రుడైన బాలుడు శరభోజిని ష్వార్ట్స్‌కు అప్పగింపబోయెను. అతడు ఒంటిగా ఆ భారము వహించుటకు సమ్మతింపలేదు. కాని తరువాత ఆ బాలుని హక్కులు చిక్కులో పడినపుడు విడువక అండగా నిలిచెను. 1798 ఫిబ్రవరిలో ష్వార్ట్స్ మరణించెను. ఆ యేడే శరభోజి సింహాసన మెక్కెను. తెలుగు తాళపత్రములకు కూడ నిలయమైన సరస్వతీమహలును పెంపొందించిన శరభోజి ఇతడే. గురువునకై ఇతడు ఫ్లాక్స్‌మన్ అను శిల్పిచేత చెక్కించిన పాలరాతి స్మారకము తంజావూరి చర్చియందు కలదు. కంపెనీవారును మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చియందు ఒక స్మారకమును నెలకొల్పిరి.

ఈ వృత్తాంతములలో పెక్కు ష్వార్ట్స్ లేఖల నుండియు, 1834లో పియర్సన్ ప్రకటించిన జీవితచరిత్ర నుండియు లభించినవి. అవి మిత్రపక్షపు ఆధారములు గనుక పరిశోధకులు వానిని జాగరూకతతో గ్రహింపవలెను. మరియు ష్వార్ట్స్ నిరుపేద కాడు. అవివాహితుడై, మితముగ జీవించి, వేతనమున మిగిల్చిన సొమ్మును మరణకాలమున మిషనుకు వ్రాసియిచ్చెను. అతడు ధనమును ద్వేషింపలేదు. దానిని పేరునకు లోబరచెను.

కావున మొదటి ప్రశ్నకు సమాధాన మిట్లు తోచుచున్నది. పొగడ్త పొందినవానితోనే ఆగిపోవును; మంచిపేరు ఆపదలో ఇతరులకు పూచీగ నిలుచును. పాలరాతి స్మారకములు ష్వార్ట్స్‌కు దక్కిన పొగడ్త. కోటలో ఆకలిగొన్నవారికి చేరిన ధాన్యము అతని పేరు.